వెనుక కూర్చునేవాళ్ళకు ఏ బ్యాక్‌రెస్ట్? మెత్త కన్నా ముందు బిగింపు చూడండి

బండికి కొనే సామాన్లలో చాలావరకు కొన్నవాడికే పనికొస్తాయి. గ్రిప్పులు తన చేతికి, అద్దాలు తన కంటికి, విండ్‌స్క్రీన్ తన ఛాతీకి. బ్యాక్‌రెస్ట్ మాత్రం ఇంకొకరి వీపుకి. అయినా దాన్ని ఎంచేది ముందు కూర్చునేవాడే. నెల్లూరులో గానీ ఒంగోలులో గానీ బైక్ సామాన్ల షాపు ముందు కాసేపు నిలబడితే తెలుస్తుంది. కుర్రాడు బండికి నాలుగడుగుల దూరం వెళ్ళి, తల పక్కకు వంచి, 'లుక్కు బాగుంది, బిగించెయ్యన్నా' అంటాడు. దానికి ఆనుకుని కావలి దాకా వెళ్ళాల్సిన మనిషి ఆ సమయంలో ఇంట్లో ఉంటుంది.

చూపుకు ఒకేలా ఉండే బ్యాక్‌రెస్ట్‌లు పనిలో ఒకేలా ఉండవు. ప్యాడ్ మెత్తగా ఉందా లేదా అన్నది బొటనవేలితో నొక్కితే తెలిసిపోతుంది కాబట్టి అందరూ అదే చూస్తారు. నిజానికి అది చివర చూడాల్సిన విషయం. వెనుక ఎవరు కూర్చుంటారు, ఎలా కూర్చుంటారు అన్నది మొదటి ప్రశ్న. వాళ్ళ బరువు ప్యాడ్ మీద పడ్డాక ఏ దారిన ఛాసిస్‌కి దిగుతుందన్నది రెండోది. ఈ రెండూ తేలితే షాపులో ఉన్న పది రకాల్లో ఎనిమిది వాటంతటవే పక్కకు పోతాయి.

ఒక దిక్కుకే పనిచేసే సామాను

బండి ముందుకు ఉరికితే వెనుక మనిషి వెనక్కి తూలుతారు. ఆ తూలును ఆపడమే బ్యాక్‌రెస్ట్ మొదటి పని. 350 సీసీ క్రూయిజర్ (సీటు కిందికి ఉండి, దూరాలకు తీరుబడిగా పోయే తరహా బండి) సిగ్నల్ దగ్గర మామూలుగా పికప్ అందుకుంటే, 60 కిలోల మనిషిని వెనక్కి నెట్టే బలం దాదాపు 12 కిలోల బరువంత ఉంటుందనుకోండి. అదే కుక్క అడ్డం వచ్చి గట్టిగా బ్రేకు వేస్తే, ముందుకు తోసే బలం 36 కిలోల దాకా పోతుంది. మన బండ్లు పరిగెత్తే దాని కంటే ఆగడం చాలా వేగంగా ఆగుతాయి. అంటే వెనుక మనిషికి పెద్ద తోపు వచ్చేది ముందువైపుకే. ఆ దిక్కున బ్యాక్‌రెస్ట్ చేసే సాయం సున్నా.

శ్రీశైలం నుంచి దోర్నాలకు ఘాట్ దిగేటప్పుడు ఇది బాగా తెలుస్తుంది. మలుపు మలుపుకీ బ్రేకు పడుతుంది, వెనుక మనిషి జారి ముందు మనిషి వీపు మీదకు వస్తారు, ఇద్దరి బరువూ ముందు మనిషి మణికట్టు మీద పడుతుంది. అప్పుడు ఆదుకునేవి రెండే: చేతికి పట్టుకోవడానికి గ్రాబ్ రైల్, కాలికి తన్నుకోవడానికి ఫుట్‌రెస్ట్.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, బయట దొరికే కొన్ని బ్యాక్‌రెస్ట్‌లు బిగించాలంటే కంపెనీ ఇచ్చిన గ్రాబ్ రైల్ తీసెయ్యాలి. ఆ బోల్టు రంధ్రాలే దీనికీ కావాలి. తీసిన రైల్‌ని అట్టపెట్టెలో పెట్టి చేతికిస్తారు, అది అటక మీదకు పోతుంది. చిన్న తోపుకు సాయం కొనుక్కుని పెద్ద తోపుకు ఉన్న సాయాన్ని వదులుకున్నట్టే. 1989 కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 123వది, వెనుక సీటున్న మోటారుసైకిలుకు శాశ్వతమైన చేతిపట్టు, ఫుట్‌రెస్ట్, బట్టలు చక్రంలో పడకుండా వెనుక చక్రాన్ని కనీసం సగం కప్పే అడ్డు ఉండాలంటుంది. మనం శారీ గార్డ్ అనేది ఆ మూడోదాన్నే. కాబట్టి షాపులో మొదటి మాట 'గ్రాబ్ రైల్ ఉంచి బిగించొచ్చా?' అని ఉండాలి. కాదంటే, దాని కమ్మీలే రెండు పక్కలా చెయ్యి పట్టేంత ఖాళీతో, వేళ్ళు చుట్టుకునే లావుతో ఉన్నాయేమో చూడాలి. పలక లాంటి పట్టీ అయితే చేతికి కోసుకుంటుంది.

రెండో పని విశ్రాంతి. హైవే మీద ఒకే వేగంతో పోతుంటే వెనక్కి తోసేదేమీ ఉండదు, కానీ ఆనుకోవడానికి ఏమీ లేకుండా గంటసేపు నిటారుగా కూర్చుంటే నడుం పట్టేస్తుంది. ఈ రెండు పనులకూ కావలసిన ఎత్తులు వేరు. తూలకుండా ఆపడానికి బెల్టు పెట్టుకునే చోటికి కాస్త పైన తగిలే చిన్న ప్యాడ్ చాలు. సేద తీరాలంటే అది పక్కటెముకల కింది దాకా రావాలి. ఊళ్ళో మాగుంట లేఅవుట్ నుంచి ట్రంకు రోడ్డుకి తిరిగే బండికీ, నెలకోసారి చెన్నై పోయే బండికీ ఒకే ప్యాడ్ సరిపోదనడానికి కారణం ఇదే.

క్రూయిజర్‌కే ఈ అవసరం ఎక్కువ ఎందుకంటే, బండి తీరే ముందు మనిషి కోసం గీసింది. సీటు కిందికి ఉంటుంది: రాయల్ ఎన్‌ఫీల్డ్ మీటియోర్ 350లో 765 మిల్లీమీటర్లు, అదే కంపెనీ సూపర్ మీటియోర్ 650లో 740, బజాజ్ అవెంజర్ 220లో 737. ముందు మనిషి గుంటలో కూర్చున్నట్టు కుదురుగా కూర్చుంటాడు. వెనుక మనిషికి దక్కేది ఒక మెట్టు ఎత్తులో, సరిగ్గా వెనుక చక్రం మీద, చిన్న మెత్త. కొన్ని బండ్లలో అది వెనక్కి వాలి ఉంటుంది కూడా. వెనుక షాకప్‌లకూ ఎక్కువ ఆట ఉండదు. సూపర్ మీటియోర్ వెనుక చక్రం మొత్తం ఆట 101 మిల్లీమీటర్లే. స్పీడ్ బ్రేకర్ ఎగరేస్తే ముందు మనిషికి కుదుపు, వెనుక మనిషికి దెబ్బ. తయారీదారులకూ ఇది తెలుసు కాబట్టే మీటియోర్ 350 స్టెల్లార్, సూపర్‌నోవా రకాల్లోనూ, అవెంజర్ 220 క్రూయిజ్‌లోనూ బ్యాక్‌రెస్ట్ బండితోనే వస్తుంది. ఇంకా బండి కొనని వాళ్ళు రకాల మధ్య ధర తేడా చూసి నిర్ణయించుకోవడం తేలిక. వెనుక మనిషి ఖాయంగా ఉన్న ఇంట్లో ఆ తేడా పెట్టడమే మంచిదని నా అభిప్రాయం.

ఒకవైపు కూర్చునేవాళ్ళ సంగతి

బ్యాక్‌రెస్ట్ గురించి బయటి దేశాల వాళ్ళు చెప్పేదంతా రెండు కాళ్ళూ చెరో పక్క వేసి కూర్చునే మనిషి గురించే. మన ఇళ్ళలో చీర కట్టుకున్న అమ్మలు, పిన్నులు, అత్తలు ఎడమవైపుకి రెండు కాళ్ళూ వేసి కూర్చుంటారు. అలా కూర్చున్నప్పుడు వీపు రోడ్డు కుడిపక్కకు ఉంటుంది. వెనుక ఉన్న ప్యాడ్ వీపుకి తగలదు, ఎడమ చెయ్యికీ ఎడమ పక్కటెముకలకీ తగులుతుంది.

మా పిన్నిని జొన్నవాడ అమ్మవారి గుడికి తీసుకెళ్ళినప్పుడు ఇది దగ్గర నుంచి చూశాను. ఎత్తు ప్యాడ్, రెండు పక్కలా మెరిసే కమ్మీలు. ఎక్కి కూర్చుంది, కుడి చెయ్యి నా భుజం మీద వేసింది, ఎడమ చెయ్యి ఎక్కడ పెట్టాలో తెలియక ప్యాడ్ వెనుకకు పోనిచ్చింది. అక్కడ పట్టుకునేందుకు ఏమీ లేదు, ప్యాడ్ అంచు మోచేతికి పైన ఒరుసుకుంటోంది. 'ఏంరా అబ్బయా, ఈ దిండు నాకా, నీ బండికా?' అంది. పెన్నా దాటే లోపే ఆ చెయ్యి తీసేసి సీటు అంచు పట్టుకుంది.

ఆ మాటలో విషయమంతా ఉంది. ఒకవైపు కూర్చునేవాళ్ళకు బ్యాక్‌రెస్ట్ వీపుకి ఆధారం కాదు, వెనక్కి జారకుండా ఒక అడ్డు. అడ్డుగా పనిచేయాలంటే అది తక్కువ ఎత్తులో ఉండాలి, అంచులు గుండ్రంగా ఉండాలి, పక్క కమ్మీ ఎడమ చేతికి అందాలి. వెడల్పు సీటు కంటే ఎక్కువ ఉండకూడదు. భుజం దాకా వచ్చే సిస్సీ బార్ (సీటు వెనుక నిలువుగా లేచే పొడవాటి కమ్మీల బ్యాక్‌రెస్ట్) వాళ్ళకు పనికిరాదు సరికదా, దిగేటప్పుడు కొంగు పట్టుకుంటుంది. పైన మొన తేలిన డిజైన్లు, బోల్టు తలలు బయటికి కనిపించేవి అసలు వద్దు. చీర అంచు, చున్నీ, జడ మూడూ వాటికి చిక్కుకునేవే.

వాళ్ళకు బ్యాక్‌రెస్ట్ కంటే ముందు కావలసింది కాళ్ళకు చోటు. శారీ గార్డ్‌కి కింద బిగించే లేడీస్ ఫుట్‌రెస్ట్ వెడల్పుగా, రెండు పాదాలూ ఆనేలా ఉంటే మనిషి సగం కుదురుకుంటారు. కాళ్ళు గాల్లో వేలాడుతుంటే వెనుక ఎంత ఖరీదైన ప్యాడ్ ఉన్నా నడుం బిగపట్టుకునే ఉంటుంది. ఇక్కడ బండి తేడా కూడా చూడాలి. మీటియోర్ 350కి సైలెన్సర్ కుడిపక్క ఒకటే, ఎడమవైపు కాళ్ళకు వేడి తగలదు. సూపర్ మీటియోర్ 650కి రెండు పక్కలా సైలెన్సర్లు. ఎడమవైపు కూర్చున్నా చీర అంచు సైలెన్సర్ మీద పడే వీలుంది. ఆ బండి మీద ఒకవైపు కూర్చోబెట్టే ముందు ఫుట్‌రెస్ట్ ఎక్కడ బిగిస్తారో చూసుకోవాలి.

అదే ఇంట్లో కూతురు చుడీదార్ వేసుకుని రెండువైపులా కాళ్ళు వేసి కూర్చుంటుంది, తల్లి ఒకవైపు కూర్చుంటుంది. అప్పుడు సర్దుబాటు బ్యాక్‌రెస్ట్‌లోనే వెతకాలి: తీసి పెట్టుకునే రకం, లేదా ఎత్తు మార్చుకునే రకం. దాని మంచిచెడ్డలు కిందకు వస్తాయి.

రెండు కొలతలు రాసుకుని వెళ్ళండి

షాపుకు వెళ్ళే ముందు ఇంట్లో పది నిమిషాల పని. బండిని సెంటర్ స్టాండ్ వేయండి. అది లేకపోతే ఎవరినైనా పట్టుకోమనండి. ఇద్దరూ మామూలుగా ఎలా కూర్చుంటారో అలా కూర్చోండి. వెనుక మనిషి పాదాలు ఫుట్‌రెస్ట్ మీదే ఉండాలి, మోకాళ్ళు ముందు మనిషిని నొక్కకూడదు. ఇప్పుడు మూడో మనిషి టేపుతో రెండు కొలతలు తియ్యాలి. వెనుక సీటు పైభాగం నుంచి నడుం లోపలికి వంగే చోటుకి ఎత్తెంత, ఆ చోటు నుంచి సీటు వెనుక అంచుకి దూరమెంత.

మొదటి కొలత పెద్దవాళ్ళలో సాధారణంగా 15 నుంచి 25 సెంటీమీటర్ల మధ్య వస్తుంది. ప్యాడ్‌లో ఉబ్బెత్తుగా ఉన్న భాగం అక్కడ తగలాలి. ప్యాడ్ దాని కంటే కిందికి ఉంటే గుంత దగ్గర మనిషి ఎగిరిపడ్డప్పుడు ప్యాడ్ పై అంచు వెన్నుపూసకు తగులుతుంది. చాలా చిన్న ప్యాడ్‌లతో ఉన్న అసలు ఇబ్బంది ఇదే. ఊళ్ళో బాగానే ఉంటాయి, పొదలకూరు దాటి పెంచలకోన దారిలో కుదుపులు మొదలయ్యాక తెలుస్తుంది.

రెండో కొలతను జనం పట్టించుకోరు గానీ మంచి బ్యాక్‌రెస్ట్‌నీ చెడ్డదాన్నీ వేరు చేసేది అదే. ప్యాడ్ మరీ ముందుకు వస్తే వెనుక మనిషి ముందు మనిషికి అతుక్కుపోతారు, సీటు ఇరుకైపోతుంది. మరీ వెనక్కి ఉంటే దాన్ని అందుకోవడానికి నడుం జార్చి, గూనిగా వంగి కూర్చుంటారు. పైగా బరువు వెనుక ఇరుసుకు అవతలికి పోయే కొద్దీ ముందు చక్రం తేలికవుతుంది, హ్యాండిల్ కుదురుగా అనిపించదు. మామూలుగా కూర్చుంటే ప్యాడ్‌కీ వీపుకీ మధ్య అరచెయ్యి దూరేంత సందు, కాస్త వాలితే ఆనడం, ఇదీ సరైన దూరం. వాలు కూడా కొద్దిగానే ఉండాలి, నిట్టనిలువు నుంచి 10, 15 డిగ్రీలు. పడక కుర్చీలాగా వాలిన ప్యాడ్ షాపులో సుఖంగా అనిపిస్తుంది, రోడ్డు మీద మనిషిని ముందు మనిషికి దూరంగా లాగేస్తుంది.

ఒక మినహాయింపు. వెనుక మనిషి ఎప్పుడూ వీపుకి సంచి తగిలించుకునే ప్రయాణిస్తే ఈ కొలతలన్నీ వృథా. సంచీ ప్యాడ్‌కి తగిలి మనిషిని ముందుకు తోస్తుంది. సంచి పెట్టుకోవడానికి చిన్న క్యారియర్ ఉన్న రకం చూడండి, లేదా బ్యాక్‌రెస్ట్ ఆలోచన మానెయ్యండి.

బిగింపు: అసలు డబ్బు పెట్టాల్సింది ఇక్కడ

బ్యాక్‌రెస్ట్ అంటే నిలబెట్టిన గడ్డపార. పైన కొంచెం తోస్తే కింద చాలా బలం పుడుతుంది. లెక్క వేసి చూద్దాం. వెనుక మనిషి ప్యాడ్‌ని 12 కిలోల బలంతో తోస్తున్నారు. ప్యాడ్ నడుమ నుంచి బోల్టుల దాకా 36 సెంటీమీటర్లు. బోల్టులు రెండూ 6 సెంటీమీటర్ల దూరంలో ఉంటే, వాటి మీద పడే లాగుడు 12ని 36తో హెచ్చించి 6తో భాగిస్తే వచ్చేది: 72 కిలోలు. అదే బోల్టుల మధ్య దూరం 18 సెంటీమీటర్లయితే 24 కిలోలే. రెండు పక్కలా కమ్మీలుంటే అది సగమై ఒక్కో పక్క 12 కిలోలు. మనిషి అదే, తోపు అదే. బిగింపు వెడల్పు ఒక్కటే మారింది. ఇది నున్నటి రోడ్డు లెక్క, గుంతలో పడితే అన్ని అంకెలూ పైకి పోతాయి.

అందుకే ఒకే ఒక కమ్మీ మీద నిలబడి, చిన్న పలకతో రెండు బోల్టుల మీద ఆగే పొడవాటి బ్యాక్‌రెస్ట్ చూస్తే నాకు నమ్మకం కలగదు. రెండు పక్కలా కాళ్ళుండి, వెనుక మడ్‌గార్డ్‌ని మోసే ఇనుప పట్టీలకో, ఛాసిస్ నుంచి వచ్చే గొట్టానికో బిగిసేది కావాలి. రేకు మడ్‌గార్డ్‌కి మాత్రమే బిగించేది, సీటు అడుగు పలకకు తగిలించేది రెండూ పనికిరావు. మొదట్లో బాగానే ఉంటాయి. ఆ తర్వాత రంధ్రం చుట్టూ రంగు పెచ్చులు లేచి, రేకు వెంట్రుకలా చీలడం మొదలవుతుంది. రాయల్ ఎన్‌ఫీల్డ్ షాట్‌గన్ 650 లాంటి బండికి వెనుక సీటూ దాన్ని మోసే చట్రమూ ఊడదీసుకునేలా ఉంటాయి. అలాంటి వాటికి ఆ బండి కోసమే చేసిన మౌంట్ (బిగింపు చట్రం) తప్ప వేరేది వద్దు.

నేను బండి చూపించే మెకానిక్ ఒకాయన పరీక్ష చేసే తీరు చెబుతాను. బిగించాక ప్యాడ్ పై అంచు రెండు చేతులా పట్టుకుని వెనక్కి లాగుతాడు, చూపు మాత్రం ప్యాడ్ మీద పెట్టడు. 'ప్యాడ్ ఊగితే ఊగనీలే అన్నా, మడ్‌గార్డ్ కదల్తందా చూడు' అంటాడు. మడ్‌గార్డ్ అంచు కదిలితే బరువు తప్పు దారిన దిగుతున్నట్టు. బండి మొత్తం షాకప్‌ల మీద వంగితే సరైన దారిన దిగుతున్నట్టు. షాపులోనే, డబ్బిచ్చే ముందే ఈ పని ఎవరైనా చెయ్యొచ్చు.

ఇక బోల్టులు. ఎక్కువ తప్పులు జరిగేది వీటి దగ్గరే, ఎందుకంటే పాత బోల్టు తీసి మధ్యలో పట్టీ దూర్చి మళ్ళీ అదే బోల్టు బిగిస్తారు. పట్టీ మందం 5 మిల్లీమీటర్లు అనుకుంటే బోల్టు అంత లోపలికి తక్కువ వెళ్తుంది. 8 మిల్లీమీటర్ల బోల్టుకు ఒక్కో మర 1.25 మిల్లీమీటర్లు, అంటే నాలుగు మరల పట్టు పోయినట్టు. ఇనుములో బోల్టు కనీసం తన లావంత లోతు పట్టుకోవాలన్నది మామూలు లెక్క. 8 మిల్లీమీటర్ల బోల్టుకు అది ఆరున్నర చుట్లు. కాబట్టి స్పానర్ పట్టే ముందు చేత్తో తిప్పుతూ లెక్కపెట్టండి. ఆరేడు చుట్లు తిరగకముందే ఆగిపోయి పట్టీని నొక్కేస్తే పొడుగు బోల్టు కావాలి. అలాగని మరీ పొడుగుదీ వద్దు. మడ్‌గార్డ్ లోపలికి పొడుచుకొచ్చిన బోల్టు చివర, ఇద్దరూ కూర్చుని షాకప్ దిగినప్పుడు టైరుకి తగలొచ్చు. తల మీద 8.8 అని (అది బోల్టు బలం గుర్తు) ఉన్న బోల్టు అడిగి తీసుకోండి. మరలకు నీలిరంగు థ్రెడ్‌లాకర్ (బోల్టు వదులవకుండా పట్టే జిగురు) ఒక చుక్క, నట్టు ఉన్న చోట నైలాక్ నట్టు (లోపల నైలాన్ వలయం ఉండి వదులవని నట్టు). బిగింపు ఎంతన్నది బండి మాన్యువల్‌లో చూడటం ఉత్తమం.

బండికి తగ్గది దొరక్కపోతే వెల్డింగ్ షాపులో చేయిస్తానంటారు కొందరు. చీమకుర్తి గ్రానైట్ క్వారీల పుణ్యమా అని ఒంగోలు చుట్టుపక్కల ఇనుప పని తెలిసిన చేతులకు కొదవలేదు. గొట్టం వంచడం, పట్టీ కొట్టడం బ్రహ్మాండంగా చేస్తారు. చేయించండి గానీ వెల్డింగ్ అంతా బ్యాక్‌రెస్ట్‌కే ఉండాలి, బండికి కాదు. ఛాసిస్ మీద నిప్పు పడితే అక్కడి ఇనుము గుణం మారుతుంది, వారంటీ పోతుంది. పైగా 2020 నుంచి వస్తున్న బీఎస్6 (పొగ నియమాల ఆరో దశ) బండ్లలో ఇంజిన్‌ని నడిపేది ఎలక్ట్రానిక్ పెట్టె. వెల్డింగ్ కరెంటు దాని మీదుగా పోతే అయ్యే ఖర్చు ముందు పది బ్యాక్‌రెస్ట్‌ల ఖరీదు కూడా చిన్నదే.

ఊడదీసేదా, ఉంచేసేదా

కదలకుండా బిగించేసే రకం గట్టిది, చవకది, చప్పుడు చేయదు. దాని ఇబ్బంది ఎక్కడంలో ఉంది. వెనుక ఎత్తయిన ప్యాడ్ ఉంటే కాలు దాని మీదుగా తిప్పలేరు. ముందు మనిషి సీటు మీదుగా కాలు వేసుకోవాలి, వెనుక మనిషి ఫుట్‌రెస్ట్ మీద నిలబడి ఎక్కాలి. మోకాళ్ళ నొప్పులున్న నాన్నగారికి ఇది చిన్న విషయం కాదు. షాపులో ఆయన్ని ఒక్కసారి ఎక్కించి దించితే తేలిపోతుంది.

ఊడదీసే రకానికి బండికి నాలుగు గుబ్బలు శాశ్వతంగా ఉండి, బ్యాక్‌రెస్ట్ కొక్కెంలా వాటిలో కూర్చుంటుంది. పైన చెప్పిన తల్లీకూతుళ్ళ ఇంటికి ఇది నప్పుతుంది. కానీ కదిలే కీలు ఉన్న ప్రతి చోటా అరుగుదల ఉంటుంది. గుబ్బల మీద రబ్బరు బుష్ అరిగితే టకటక చప్పుడు మొదలవుతుంది, తాళం లేకపోతే బస్టాండు దగ్గర పెట్టిన బండికి సాయంత్రం దాకా బ్యాక్‌రెస్ట్ ఉంటుందన్న హామీ లేదు. కొనేటప్పుడు బుష్‌లు విడిగా దొరుకుతాయా అని అడగండి. ప్యాడ్ వేరుగా, దాన్ని మోసే మౌంట్ వేరుగా అమ్మడం కూడా మామూలే. ప్యాడ్ ధర చూసి చవకనుకుంటే బిల్లు దగ్గర తెల్లబోతారు.

వెనుక డిక్కీ పెట్టె బిగించి దానికే మెత్త అంటించేది ఇంకో పద్ధతి. డెలివరీ పనులకూ, రోజూ లంచ్ బాక్సు మోసేవాళ్ళకూ బాగుంటుంది. పెట్టెను పట్టుకునే లాకు మాత్రం సామాను బరువును కిందికి మోయడానికి చేసింది, మనిషి వెనక్కి తోస్తుంటే తట్టుకోవడానికి కాదు. ఊరికే వీపు తగిలేంత వరకే దాన్ని నమ్మొచ్చు.

బ్యాక్‌రెస్ట్ ఉంది కదా అని దానికి బస్తా కట్టేవాళ్ళూ ఉన్నారు. కమ్మీకి తాళ్ళు కట్టి లాగితే పడే బరువు పైన లెక్క వేసినదానికి ఎన్నో రెట్లు. శనివారం మాత్రమే తెరిచే మాలకొండ గుడికి పోయే బండ్ల మీద బ్యాక్‌రెస్ట్‌కి వెనుక వంట సామాను సంచి, ముందు మనిషి, మధ్యలో ఒక పిల్లవాడు కనిపిస్తుంటారు. చట్టం ప్రకారం నడిపేవారు కాక ఒక్కరే. నాలుగేళ్ళ లోపు పిల్లలకు 2023 ఫిబ్రవరి నుంచి నడిపేవారికి కట్టే బెల్టు, హెల్మెట్, 40 కిలోమీటర్ల వేగ పరిమితి ఉన్నాయి. బ్యాక్‌రెస్ట్ ఉన్నా ఆ బెల్టు కట్టాల్సిందే.

ఎండ, ఉప్పు, వాన

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. ఆ ఎండకు మన ఊళ్ళో నల్ల రెక్జిన్ ప్యాడ్ ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. ముదురు గోధుమ రంగు, సన్నని రంధ్రాలున్న కవరు కాస్త నయం. మాకు వాన ఎక్కువగా పడేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలప్పుడు. అప్పుడు కుట్లలోంచి నీళ్ళు దిగి స్పాంజ్‌లో నిలుస్తాయి, పైన ఆరినట్టే ఉండి ఆనుకోగానే చొక్కా తడుస్తుంది. పై అంచున కుట్టు లేని ప్యాడ్, అడుగున నీరు కారడానికి చిన్న రంధ్రం ఉన్నది ఎంచుకోండి.

మైపాడు, కొత్తపట్నం వైపు రోజూ తిరిగే బండికి క్రోమ్ పూత వద్దంటాను. ఉప్పుగాలికి పూత కింద తుప్పు పొక్కులుగా లేస్తుంది. స్టెయిన్‌లెస్ అని అమ్మేదాన్ని అయస్కాంతంతో చూడండి. 304 రకం అయస్కాంతానికి దాదాపు అంటుకోదు, వంచిన మూలల దగ్గర కొద్దిగా లాగితే లాగొచ్చు. నిలువు కమ్మీకి గట్టిగా అతుక్కుంటే అది 304 కాదు. మంచి పౌడర్ కోటింగ్ ఉన్న మామూలు ఇనుమైనా ఫర్వాలేదు, గీత పడిన చోట వెంటనే రంగు అద్దుతుంటే చాలు.

బిగించాక వెనుక నుంచి ఒకసారి చూడండి. నంబర్ ప్లేటు, టెయిల్ లైటు, ఇండికేటర్లు మూడూ కనిపించాలి. క్యారియర్ కలిపి వచ్చే రకాల్లో కమ్మీ సరిగ్గా లైటుకి అడ్డం వస్తుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్, ఆర్‌సీలో ఉన్న వివరాలు తయారీదారు ఇచ్చినవాటికి తేడా వచ్చేలా బండిని మార్చొద్దంటుంది. కాబట్టి కొయ్యకుండా, అతకకుండా, ఉన్న రంధ్రాలకే బిగించుకుని, కావాలంటే విప్పేసేలా ఉంచుకోవడం అన్ని విధాలా మంచిది.

ఇద్దరు కూర్చునే బండికి వెనుక షాకప్ ప్రీలోడ్ (స్ప్రింగు బిగువు) ఒకటి రెండు మెట్లు పెంచాలి. మీటియోర్ 350లో దానికి ఆరు మెట్లున్నాయి. వెనుక టైరు గాలి కూడా మాన్యువల్‌లో ఇద్దరికి చెప్పినంత ఉండాలి. ఈ రెండూ చేశాక వెనుక మనిషికి బ్యాక్‌రెస్ట్ మీద ఉన్న ఫిర్యాదులు సగం తగ్గడం చూశాను. కుదుపు సీటు నుంచి వస్తుంటే ప్యాడ్ ఏం చేస్తుంది! కొత్త బోల్టులను మొదటి వంద కిలోమీటర్లకు ఒకసారి, ఆ తర్వాత ప్రతి సర్వీసుకీ స్పానర్‌తో చూసుకోవాలి.

మీ బండి ఊరు దాటదు, వెనుక కూర్చునేది ఒకవైపుకే అయితే, బ్యాక్‌రెస్ట్ కొనకండి. ఆ డబ్బులో సగంతో వెడల్పాటి లేడీస్ ఫుట్‌రెస్ట్ వేయించండి, శారీ గార్డ్ వంగి ఉంటే మార్పించండి, గ్రాబ్ రైల్ బోల్టులు బిగించండి. మిగిలిన సగం పెట్టి వెనుక మనిషికి ఐఎస్ఐ గుర్తున్న హెల్మెట్ కొనండి.